టోపీ, రెండు బాకులు

క్రీ.పూ. 211 ప్రాంతంలో, కార్తేజ్ సేనాని హానిబాల్‌తో యుద్ధం సాగుతున్న కాలంలో, రోమ్ ప్రవేశపెట్టిన వెండి నాణెం పేరు దెనారియస్. రెండు సెంటీమీటర్లకు మించని ఆ బిళ్లపై ఒకవైపు శిరస్త్రాణం ధరించిన రోమా దేవత, మరోవైపు గుర్రాలపై దూసుకుపోయే కాస్టర్, పొలక్స్ అనే కవల దేవతలు ఉండేవారు. కాలక్రమంలో, నాణేల ముద్రణను పర్యవేక్షించే యువ అధికారులు దేవతల చోట తమ వంశకర్తల ఘనకార్యాలను నిలపసాగారు. ఎన్నికల్లో నిలబడబోయే యువకుడికి ఇంటిపేరును ఊరూరా చాటే సాధనం అంతకు మించి మరొకటి ఉండేది కాదు.

అలాంటి అధికారిగా క్రీ.పూ. 54లో మార్కస్ బ్రూటస్ వేయించిన నాణెంపై ఒకవైపు స్వేచ్ఛాదేవత లిబర్తాస్ ముఖం, మరోవైపు రాజులను రోమ్ నుంచి వెళ్లగొట్టినవాడని ప్రసిద్ధికెక్కిన అతని పూర్వికుడు లూసియస్ బ్రూటస్ అధికార పరివారంతో నడిచివెళ్లే దృశ్యం ఉన్నాయి. పదేళ్ల తరువాత, క్రీ.పూ. 44 తొలి నెలల్లో, జూలియస్ సీజర్ తన సొంత ముఖాన్ని నాణేలపై వేయించుకున్నాడు. జీవించి ఉన్న రోమన్ నాయకుడి రూపం రోమ్ నగర నాణేలకెక్కడం అదే మొదలు గనుక, రాజరికాన్ని అసహ్యించుకునే వర్గానికి అది సహింపరానిదైంది.

సీజర్ హత్యానంతరం, క్రీ.పూ. 42లో, బ్రూటస్ సేనతోపాటు కదిలే ముద్రణశాల తయారుచేసిన దెనారియస్ రోమన్ ప్రతీకల్లోకెల్లా ధైర్యమైనది, విషాదకరమైనది కూడా. దాని వెనుకవైపు, బానిసత్వం నుంచి విముక్తి పొందినవాడు ధరించే టోపీ, దానికి అటూ ఇటూ పిడులు వేర్వేరుగా ఉన్న రెండు బాకులు, కింద హత్య జరిగిన మార్చి 15ను సూచించే పొడి అక్షరాలు ఉన్నాయి. అచ్చులో ప్రతి రేఖనూ కుడిఎడమలు తారుమారు చేసి లోతుగా చెక్కవలసిన శిల్పి, ఇంత కొద్ది రూపాలతో ఒక హత్యను విమోచనగా నిలబెట్టగలగడం అబ్బురపరుస్తుంది. చరిత్రకారుడు కాసియస్ డియో తన గ్రంథంలో ఈ నాణేన్ని ప్రత్యేకించి వర్ణించాడు.

అయితే అదే నాణెం ముఖభాగంలో ఉన్నది లిబర్తాస్ కాదు, బ్రూటసే. స్వేచ్ఛ పేరిట ఒక నాయకుడిని చంపినవాడు ఆ నాయకుడి పద్ధతినే అనుసరించాడు. సైనికులకు జీతమిచ్చే సేనాని ముఖం వారికి గుర్తుండాలన్న అవసరం, పన్నెండేళ్ల నాటి ఆదర్శాన్ని పక్కకు నెట్టిందని భావించక తప్పదు. ఆ ఏడాది అక్టోబరులో ఫిలిప్పై యుద్ధంలో ఓడి బ్రూటస్ ప్రాణం తీసుకున్నాడు. గెలిచిన పక్షానికి చెందిన ఆక్టేవియన్, ఆపై అగస్టస్‌గా పాలించినంత కాలం, తన రూపాన్నే నాణేలపై నిలపగా, తరువాతి చక్రవర్తులు కూడా ఆ స్థానాన్ని వదులుకోలేదు.