రాని పిల్లల లెక్క ఏది?

2020-21 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ చదివే ప్రతి ఒక్కరూ పది నెలల ఇంటర్న్‌షిప్ చెయ్యాలి. మొదటి ఏడాది అయ్యాక సమాజసేవా ప్రాజెక్టు, రెండో ఏడాది అయ్యాక రెండు నెలలు, ఆపైన ఒక సెమిస్టరు మొత్తం. దీన్ని మేము వద్దనం. చందర్లపాడులో బస్సెక్కి నందిగామకో విజయవాడకో పోయి బీఎస్సీ చదివే సుగాలి పిల్లకి, యానాది పిల్లాడికి పరిశోధన ల్యాబ్ గుమ్మం చూపించినవాళ్లు ఇంతకుముందు ఎవరున్నారు?

మాకు మింగుడుపడనిది దీన్ని కొలిచే తీరు. లాగ్‌బుక్ నిండిందా, రిపోర్టు ఇచ్చారా, వైవా అయిందా, అంతే. ఫోన్లో నాలుగు వీడియోలు చూసి తెచ్చుకున్న సర్టిఫికెట్టూ, రెండు నెలలు ల్యాబ్‌లో నిలబడి తెచ్చుకున్నదీ ఒకే వరుసలో పడతాయి.

అసలైన పరిశోధన ఇంటర్న్‌షిప్‌లు వేరే ఉన్నాయి. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి నడిపే వేసవి ఫెలోషిప్‌లో రెండు నెలలు శాస్త్రవేత్త పక్కనే పని, స్టైపెండ్ కూడా. కానీ దానికి మార్కులతోపాటు అధ్యాపకుల సిఫార్సు ఉత్తరం కావాలి. మన పిల్లలకు ఆ ఉత్తరం అడగొచ్చని చెప్పేదెవరు? డబ్బు సంగతీ ఉంది. మిర్చి కల్లంలో తాలుకాయలు ఏరితే కూలి ఆ సాయంత్రమే చేతిలో పడుతుంది. స్టైపెండ్ చివర్లో పడితే, వెళ్లేనాటి బస్సు చార్జీకీ హాస్టల్ అడ్వాన్సుకీ అమ్మానాన్నలు అప్పు చెయ్యాలి. అప్పు పుట్టని ఇంటి పిల్ల ఆగిపోతుంది. ఆగిపోయిన పిల్ల పేరు ఏ రిపోర్టులోనూ ఉండదు.

అందుకే ఎంతమంది పూర్తిచేశారన్న అంకెను మేము నమ్మం. మంచి మార్కులున్న పిల్లల్ని ఏరి తీసుకుంటే, ఇంటర్న్‌షిప్ లేకపోయినా వాళ్లు పైకొచ్చేవాళ్లేమో! అమెరికాలో బాల్టిమోర్ దగ్గర ఒక విశ్వవిద్యాలయం 1988లో మేయర్‌హాఫ్ అనే కార్యక్రమం పెట్టింది, ముఖ్యంగా నల్లజాతి విద్యార్థుల కోసం. వేసవి పరిశోధన అందులో ముఖ్యమైన భాగం. వాళ్లు చేరినవాళ్లను, సీటొచ్చినా కాదని వేరే కాలేజీలకు పోయినవాళ్లతో పోల్చి చూశారు. (కాదన్నవాళ్లు చదువులో తక్కువవాళ్లేం కాదు, పోలికకు బలం అదే.) సైన్స్‌లో పీహెచ్‌డీకి వెళ్లినవాళ్లు చేరినవారిలో దాదాపు ఐదు రెట్లు ఎక్కువగా తేలారు. కోవిడ్ టీకా తయారీలో పనిచేసిన కిజ్మేకియా కార్బెట్ అక్కడ చదివిన అమ్మాయే. మన దగ్గర ఇలా ఏళ్లతరబడి వెంటపడి అడిగేదెవరు?

ఇది ఒక్క ఉద్యోగాల గొడవ కాదు. మన జిల్లాలోనే ఎ.కొండూరు తండాల్లో కిడ్నీలు పాడై మనుషులు పోతున్నారు. నీళ్ల నమూనాలు, నెత్తురు నమూనాలు తీసుకుపోయినవాళ్లు ఎందరో. ఆ సీసా పట్టుకుని పరీక్ష చేసే చోట తండా పిల్ల ఉందా? సమాజసేవా ప్రాజెక్టులో ఆమె చేత సర్వే ఫారాలు నింపిస్తాం. ఆ నీళ్లలో ఏముందో చూసే పని మాత్రం ఆమెకివ్వం. ఇంట్లో డయాలసిస్ చూసిన పిల్లకు పుట్టే ప్రశ్న వేరు. ఆ ప్రశ్న ల్యాబ్ దాకా చేరిందా అన్నది కూడా కొలవాలి.

మాస్టార్లకు, మేడాలకు మేమడిగేది ఒక చిన్న రిజిస్టరు. ఉత్తరం అడిగినవాళ్లెవరు, వెళ్లనివాళ్లెవరు, ఎందుకు వెళ్లలేదు, మధ్యలో ఎవరు తిరిగొచ్చారు, స్టైపెండ్ ఏ తేదీన పడింది, మూడేళ్ల తర్వాత వాళ్లు ఎక్కడున్నారు. వచ్చే వేసవికి ముందే మొదటి పేజీ తెరవండి.