అరచేతి యంత్రము – సరిహద్దు తెలుగు: ఒక పరీక్షాపద్ధతిపై విమర్శ

ఒక భాషను మాటలాడువారందరును ఆ భాషను చదువగలవారే యని తలంచుట విద్యావంతులకు సహజము. తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతముల తెలుగువారి విషయమున ఈ తలంపు చెల్లదు. అయినను, సెల్‌ఫోనుల వాడుకను గూర్చి పరిశోధించువారు అంతర్జాతీయ సదస్సులకు సమర్పించు పత్రములలో, వ్రాతను పరీక్షించు పద్ధతికి సామాన్యముగా ఈ తలంపే పునాదిగా నున్నది. ఆ పునాది యెంతవరకు గట్టిదో విచారించి, మన ప్రాంతమునుండి అట్టి సదస్సునకు పత్రము పంపదలచిన యువపరిశోధకుడు దేనిని గమనింపవలెనో సూచించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ముందుగా సదస్సును గూర్చి రెండు మాటలు. చేతిలో ఇముడు యంత్రములకును మనుష్యులకును గల సంబంధమును చర్చించుటకు 1998లో స్కాట్లండులోని గ్లాస్గో నగరమున కొందరు పండితులు సమావేశమైరి. ఆ సమావేశమే క్రమముగా పెరిగి 'మొబైల్ హెచ్.సి.ఐ.' అను పేర ప్రసిద్ధమైనది. 2007లో సింగపూరునను, 2019లో తైపేయినను, 2024లో మెల్బోర్నునను ఈ సదస్సు జరిగినది. ఇందు సమర్పింపబడు పత్రము ఇంగ్లీషున నుండవలెను. పత్రముపై రచయిత పేరు కనబడరాదు. దానిని చదివి తీర్పు చెప్పు పరిశీలకుల పేర్లు రచయితకు తెలియవు. పత్రమున చెప్పిన విషయము క్రొత్తదియా, పరీక్ష సరిగా జరిగినదా, ఫలితములనుండి తీసిన నిర్ణయము సమంజసమా అని వారు విచారింతురు. ఎవరు వ్రాసిరో చూడక ఏమి వ్రాసిరో చూచు ఈ పద్ధతి మెచ్చదగినది. మన సంఘముల సంచికలలో వ్యాసములకు చోటు దొరకుట పెక్కుమారులు రచయిత పరిచయమును బట్టియే జరుగుచుండుట చదువరులు ఎరుగనిది కాదు.

భారతీయ లిపులకు ఈ సదస్సున స్థానము లేదనుటయు సరికాదు. 2011లో స్టాక్‌హోమున జరిగిన సదస్సులో, బొంబాయి ఐ.ఐ.టి.కి చెందిన అనిరుద్ధ జోషి, ఆయన సహచరులును, స్పర్శతెర గల ఫోనులకు దేవనాగరి కీబోర్డుల కల్పనను గూర్చియు పరీక్షను గూర్చియు ఒక పత్రము ప్రకటించిరి. ఆ విద్యాసంస్థనుండియే 'స్వరచక్ర' అను కీబోర్డు వెలువడినది. అందు ఒక హల్లుపై వ్రేలు నిలిపినంతనే దాని గుణింతము చక్రాకారముగా చుట్టును కనబడును. కావలసిన అచ్చు వైపునకు వ్రేలు జరిపినచో అక్షరము పూర్తియగును. దానికి తెలుగు రూపము కూడ కలదు. గుణింతము నేర్చినవానికి ఇది మిక్కిలి అనుకూలము. గుణింతము నేర్వని తెలుగువాని సంగతి యేమి? ఈ ప్రశ్న మన ప్రాంతమున ఊహామాత్రముగా పుట్టినది కాదు, చరిత్రనుండి పుట్టినది.

పటాస్కరు నిర్ణయమును అనుసరించి 1959లో చేసిన సరిహద్దుల మార్పు చట్టము 1960 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి ప్రాంతము మదరాసు రాష్ట్రమున చేరినది. తిరువళ్లూరు, పొన్నేరి తాలూకాలనుండి సత్యవేడు వైపు గ్రామములు ఆంధ్రప్రదేశమున చేరినవి. 1997లో తిరువళ్లూరు ప్రత్యేక జిల్లా యైనది. గీత జరిగినను ఇండ్లలోని మాట జరుగలేదు. తరువాత తమిళనాడు ప్రభుత్వము 2006లో తమిళ అభ్యసన చట్టము చేసి, 2006–07లో ఒకటవ తరగతి మొదలుకొని ఏటేట ఒక్కొక్క తరగతికి తమిళమును తప్పనిసరి పాఠ్యాంశము గావించినది. ఆ క్రమము 2015–16 నాటికి పదవ తరగతిని చేరినది. మాతృభాషను ఐచ్ఛికముగా చదువుకొనుటకు చట్టము చోటు విడిచినది గాని, ఐచ్ఛికమైనదానికి పిల్లలు ఇచ్చు కాలమెంతయో ఉపాధ్యాయులకు తెలియును. దీని ఫలితముగా ఒకే ఇంటిలో తెలుగు బడిలో చదివిన అవ్వయు, తమిళ బడిలో చదివిన మనుమరాలును ఉన్నారు. ఇరువురి మాట ఒక్కటే, అక్షరములు వేరు. మనుమరాలు చదువునకో ఉద్యోగమునకో దూరమునకు పోయినపుడు వారిరువురి నడుమ ఉన్నది ఫోను ఒక్కటే.

ఇక పరీక్షాపద్ధతిని చూతము. ఫోనుపై వ్రాతవేగమును కొలుచు విధానములలో మిక్కిలి వాడుకలో నున్నది ప్రతిలేఖనము. పరీక్షలో పాల్గొనువానికి ఒక చిన్న వాక్యమును చూపుదురు. అతడు దానిని చూచి వ్రాయవలెను. ఎంత కాలము పట్టినది, ఎన్ని తప్పులు దొరలినవి అని లెక్కింతురు. 2003లో మెకంజీ, సౌకొరెఫ్ అను పండితులు ఇందుకొరకు 500 ఇంగ్లీషు పదబంధముల నొకచోట కూర్చి ప్రకటించిరి. అందరును ఒకే వాక్యములను వాడినచో ఒకరి ఫలితమును మరియొకరి ఫలితముతో పోల్చుట సులభము. ఈ లాభమును తక్కువ చేయరాదు.

అయితే ఈ పరీక్షకు మొదటి మెట్టు వ్రాయుట కాదు, చదువుట. పైన చెప్పిన మనుమరాలికి తెలుగు వాక్యము చూపినచో ఆమె చదువలేదు. పరిశోధకుడు ఆమెను పరీక్షకు తగనిదానిగా ఎంచి ప్రక్కకు పెట్టును. తమిళ వాక్యము చూపినచో చక్కగా వ్రాయును. అప్పుడు ఆమె తమిళము వాడువారి పట్టికలో చేరును. రెండు విధములను ఆమె తెలుగు లెక్కలోనికి రాదు. రాత్రి అవ్వకు ఆమె పంపు సందేశము మాత్రము తెలుగే. కొలబద్ద తాను కొలువలేనిదానిని లేనిదానిగా చూపుట శాస్త్రమున పెద్ద లోపము. ఈ పద్ధతిని సరిహద్దు భాషల విషయమున మరల విచారింపవలెనని నేననుట ఇందువలననే.

రెండవ లోపము లెక్కకు సంబంధించినది. టైపురైటరు కాలమునుండి 'నిమిషమునకు ఇన్ని మాటలు' అనునపుడు ఐదు గుర్తులను, నడుమ ఖాళీలతో సహా, ఒక మాటగా పరిగణించుట ఆచారము. ఇంగ్లీషునకు ఇది తగియున్నది. 1991లో తెలుగునకు యూనికోడులో స్థానము లభించినది. అందు హల్లు, పొల్లు, గుణింతపు గుర్తు వేరువేరు సంకేతములు. ఆ లెక్కను 'స్త్రీ' అను ఒక్క అక్షరము ఆరు సంకేతములు. అనగా ఒకే అక్షరము ఒక 'మాట'ను మించిపోయినది! 'రాష్ట్రము' అను పదమున మనము లెక్కించు అక్షరములు మూడు. యంత్రము లెక్కించునవి తొమ్మిది. సంయుక్తాక్షరములు ఎక్కువగా గల వాక్యమును వ్రాసినవాడు వేగముగా వ్రాసినట్లును, తేలికమాటలు వ్రాసినవాడు మెల్లగా వ్రాసినట్లును తోచుటకు ఇందు అవకాశమున్నది. తెలుగును గూర్చి పత్రము సమర్పించువాడు సంకేతముల లెక్కతోపాటు అక్షరముల లెక్కను కూడ ఇచ్చి, రెంటికిని గల భేదమును వివరింపవలెను.

మూడవది తప్పుల నిర్ణయము. తెలుగు లిపి రాని తెలుగువారు తమ మాటను తమిళ అక్షరములతోనో, ఇంగ్లీషు అక్షరములతోనో వ్రాయుదురు. తమిళ లిపిలో క, గ లకు అక్షరమొక్కటే. త, ద లకును, ప, బ లకును అట్లే. కావున 'కుడి', 'గుడి' ఒక్కతీరున కనబడును. 'తాత', 'దాత' అనువానికిని భేదముండదు. 'పాట' యని వ్రాసినచో తమిళము చదువువాడు 'పాడ' యని పలుకును. ఇంగ్లీషు అక్షరములలో కుడియు గుడియు వేరుగానే యుండును. కాని త, ట లకును ద, డ లకును భేదము పోవును. 'పది' యన్నను 'పడి' యన్నను వ్రాత ఒక్కటే. తమిళ లిపి ఈ రెంటిని చక్కగా వేరుపరచును. ఒక లిపి పోగొట్టినదానిని మరియొక లిపి నిలుపుచున్నది. సరిహద్దు తెలుగువాడు ఈ రెంటిలో ఒకదానిని ఎట్లు ఎంచుకొనుచున్నాడు? వినువాని బట్టియా, విషయమును బట్టియా? ఫోను తనంతట తాను సవరించు మాట అతనికి తోడ్పడుచున్నదా, తెలుగు మాటను దగ్గర నున్న తమిళ మాటగానో ఇంగ్లీషు మాటగానో మార్చివేయుచున్నదా? ఇవి పరిశోధనకు యోగ్యమైన ప్రశ్నలు. ఇచట మూలవాక్యముతో అక్షరమక్షరము పోల్చి తప్పులు లెక్కించుట నిరర్థకము. సందేశము అందుకొన్న మనిషి దానిని సరిగా గ్రహించెనా అనునదే గీటురాయి.

లిపి ఫోనులో నుండుట చాలునని తలంచువారున్నారు. భారతీయ ప్రమాణసంస్థ 2016లో ఐ.యస్. 16333 మూడవ భాగమును ప్రకటించి, సెల్‌ఫోనులు భారతీయ భాషలలో చదువుటకును వ్రాయుటకును అనువుగా నుండవలెనని నిర్దేశించినది. అది మేలైన పని. కాని లిపిని ఫోనులో నుంచుట వేరు, వాడువాని యనుభవమును పరీక్షించుట వేరు. 2018 ఫిబ్రవరిలో ఐఫోనులయందు 'జ్ఞా' అను అక్షరపు ఒకానొక సంకేతక్రమము కనబడగనే సందేశములు చూపు భాగము హఠాత్తుగా మూసుకొనిపోయెడిది. ఆ నెల 19వ తేదీన విడుదలైన 11.2.6 అను సవరణతో దోషము తొలగినది. లిపి ఉన్నను, ఆ లిపిలోని మామూలు అక్షరమొకటి యంత్రమును నిలిపివేయగల స్థితి విడుదలకు ముందు కంటబడకపోయినది. లిపి గల తెలుగునకే ఈ గతి పట్టినపుడు, లిపి లేని తెలుగును గూర్చి వేరుగ చెప్పవలెనా?

దీనిపై రెండు ఆక్షేపణలు రావచ్చును. పిల్లలకు తెలుగు అక్షరములు నేర్పినచో ఈ చిక్కే యుండదు గదా యని మనవారు అందురు. నేర్పవలసినదే, అది సంఘముల కర్తవ్యము. కాని శాస్త్రము ఉన్న మనిషిని ఉన్నట్లు చూడవలెను, ఉండవలసిన మనిషికొరకు వేచియుండరాదు. ఇది ఒక చిన్న ప్రాంతపు విషయము, లోకమునకు దీనితో నేమి పని యని విదేశపు పరిశీలకుడు అనవచ్చును. ఇంట ఒక భాషయు బడిలో మరియొక లిపియు గల జనులు సరిహద్దులన్నిట నున్నారు. వలసపోయిన ప్రతి కుటుంబమున రెండవ తరమువారు ఇట్టివారే. అమెరికాలో పుట్టి, తెలుగు వినుచు, ఇంగ్లీషు మాత్రమే చదువు బాలుడు తిరుత్తణి బాలికకు ఈ విషయమున తోబుట్టువే. పత్రము వ్రాయువాడు ఈ సంగతిని మొదటి పుటలోనే చెప్పవలెను.

పరీక్షను మార్చుటకు మార్గము లేకపోలేదు. 2014లో వెర్టానెన్, క్రిస్టెన్సన్ అనువారు ప్రతిలేఖనమునకు తోడుగా స్వయముగా వాక్యము కూర్చి వ్రాయు పరీక్షను ప్రతిపాదించి విచారించిరి. మన పరిశోధకుడు ఆ బాటను ఇంకను ముందునకు కొనిపోవచ్చును. వాక్యమును చూపుటకు బదులు వినిపింపవచ్చును. బొమ్మ చూపి దానిని గూర్చి అవ్వకు వ్రాయుమనవచ్చును. ఏ లిపిలో వ్రాయవలెనో విధింపక, ఎంచుకొన్న లిపిని గుర్తింపవచ్చును. కంఠధ్వనిని పంపుటకు ఇష్టపడువారిని గూడ విడువరాదు. వ్రాత మాని మాటకు మరలుట కూడ ఒక ఫలితమే. పాల్గొనువారి అంగీకారమును ఇంగ్లీషు పత్రముపై చేవ్రాలుతో సరిపెట్టక, వారి మాటలో వివరించి పొందవలెను. పెద్ద సంఖ్యను చూపవలెనను ఆశతో పట్టణపు కళాశాల విద్యార్థులను మాత్రమే ప్రోగుచేయుటకంటె, పళ్లిపట్టు వైపు పది ఇండ్లలో అవ్వలను, మనుమలను జతలుగా పరిశీలించుట ఈ ప్రశ్నకు తగిన పని. అయితే పది ఇండ్లలో చూచినదానిని పది ఇండ్లలో చూచినదిగానే చెప్పవలెను. జిల్లా యంతటికిని అంటగట్టరాదు.

ఇంగ్లీషున వ్రాయుట వలన విషయము పలుచనగునను భయము కొందరికి కలదు. 1888లో తిరుత్తణిలో తెలుగు కుటుంబమున జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1926లో ఆక్సుఫర్డులోని మాంచెస్టరు కళాశాలలో అప్టన్ ఉపన్యాసములిచ్చి, హిందూ జీవనదృష్టిని ఆ భాషలు ఎరుగని శ్రోతలకు విశదపరచెను. శ్రోతకు తెలియనిదానిని తెలియనిదని గుర్తించి మెట్టుమెట్టుగా చెప్పుట ఆ విద్యలోని కీలకము. 'కుడి', 'గుడి' భేదమును తెలుగు రాని పరిశీలకునకు నాలుగు వాక్యములలో బోధింపగలిగినవాడు తన పత్రమును సగము గెలిచినవాడే.

మన సంఘములు చేయదగిన సాయము ఒకటి కలదు. ఊరూర సభ్యులున్న సంఘమునకు ఇండ్ల తలుపులు తెరిపించు శక్తి యున్నది. విశ్వవిద్యాలయమునకు అది లేదు. పరిశోధకుని వెంట బోయి, అవ్వలకు అతని పని యేమో చెప్పి, ఇష్టము లేనివారిని బలవంతపెట్టకుండ చూచిన చాలును. రేపటి కీబోర్డును కల్పించువాడు నేటి పత్రములను చదివి కల్పించును. అందు తిరుత్తణి ఇంటిమాట లేనియెడల, ఆ మాటకు ఫోనులో చోటుండదు. అవ్వయు మనుమరాలును ఒకే భాష మాటలాడుచునే ఒకరి సందేశము నొకరు చదువలేనివారగుదురు.