మెట్ల మీద వెలుగు గీతలు

తిరుత్తణి కొండకు 365 మెట్లు, ఏడాదికి ఎన్ని రోజులో అన్ని. డిసెంబరు 31న మెట్ల పండుగ నాడు మెట్టుమెట్టుకూ కర్పూరం వెలిగిస్తారు. సరదాకి కెమెరా పట్టినవాళ్లకు ఇంతకు మించిన బడి ఏముంటుంది?

ట్రైపాడ్ కదలకుండా నిలిపి, ఐఎస్ఓ 100కు దించి, షట్టర్ పది సెకన్లు తెరిచి ఉంచాలి. నడిచే జనం పొగలా కరిగిపోతారు. రాతిమెట్టు మాత్రం అంచు చెదరకుండా నిలుస్తుంది. చేతిలో కదిలే హారతి బంగారు తీగై సాగుతుంది. కంటికి ఒక్కసారిగా కనబడనిదాన్ని కెమెరా పోగుచేసి చూపిస్తుంది. ఈ కళలో అసలైన ఆనందం అదే.

 

నీళ్ల మీద వెలుగును పట్టాలంటే తిరువళ్లూరులో వీరరాఘవస్వామి కోనేరు ఉంది, దగ్గర్లోనే 1944లో కట్టిన పూండి జలాశయం. పొద్దువాలే వేళ నీళ్లు రెండో ఆకాశమవుతాయి.

కెమెరా లేకపోయినా ఫరవాలేదు. మిట్టమధ్యాహ్నం గది కిటికీలన్నీ నల్ల అట్టతో మూసి, చిన్న రంధ్రం పెడితే చాలు. ఎదురుగోడ మీద వీధి తలకిందులుగా, రంగులతో సహా వాలుతుంది. సైకిలు కూడా చక్రాలు పైకెత్తుకుని సాగిపోతుంది.