రెనిన్ పరీక్ష - ఐసుపెట్టె చిక్కు

తొండూరులో రక్తపు పోటు గల రైతు నుండి ఉదయము తీసిన రక్తమును పులివెందులకో, కడపకో, ఇంకను దూరపు పరీక్షాశాలకో పంపవలసి వచ్చిన దనుకొనుడు. ఐసుపెట్టెలో పెట్టి పంపుటయే మేలని ఎవరికైనను తోచును. పాలు, టీకాలు చల్లగా ఉన్న చెడవు గదా! రెనిన్ విషయములో ఈ జాగ్రత్తయే చెరుపు చేయును.

రెనిన్ మూత్రపిండములలో పుట్టును. టిగర్‌స్టెట్, బెర్గ్‌మన్ అనువారు దీనిని 1898లో గుర్తించిరి. రక్తపు పోటు తగ్గినను, ఒంటిలో ఉప్పు తరిగినను ఇది వెలువడి, యాంజియోటెన్సిన్ ద్వారా అడ్రినల్ గ్రంథులను ప్రేరేపించును. అప్పుడు వచ్చు ఆల్డోస్టిరోన్ సోడియమును నిలిపి, పొటాసియమును మూత్రములోనికి పంపును. రెనిన్ ప్రేరణ లేకయే గ్రంథి ఈ హార్మోనును అధికముగా స్రవించిన పోటు పెరుగును. 1955లో కాన్ వర్ణించిన వ్యాధి ఇదియే. దానిని పసికట్టుటకు ఆల్డోస్టిరోన్‌ను రెనిన్‌తో భాగించి చూతురు.

చిక్కంతయు హారములో ఉన్నది. రక్తములో రెనిన్‌కంటె దాని జడరూపమగు ప్రోరెనిన్ చాల ఎక్కువ. మంచు చలిలో నిలువ ఉంచినచో అందులో కొంత చురుకైన రెనిన్‌గా మారును. హారము పెరిగిన భిన్నము తగ్గునని బడిపిల్లలకును తెలియును. ఆ విధముగా వ్యాధి గలవాడు లేనివానిగా తేలును. గది వేడిమిలోనే కణములను వేరుచేసి, మిగిలిన ప్లాస్మాను వెంటనే గడ్డకట్టించి పంపవలెను. వేసవిలో నలుబది డిగ్రీలు దాటు కడప సీమలో “గది వేడిమి” అన్న మాటకే ముందు అర్థము చెప్పవలసి యుండును!

మందులును అంకెను మార్చును. అటెనొలాల్ వంటివి రెనిన్‌ను తగ్గించి లేని వ్యాధిని చూపవచ్చును. మూత్రము హెచ్చించు మాత్రలు రెనిన్‌ను పెంచి ఉన్నదానిని కప్పవచ్చును. (వైద్యుని అడుగక వేటిని మానరాదు.) పొటాసియము తక్కువైన ఆల్డోస్టిరోన్‌యే తగ్గును. పరుండి యిచ్చిన రక్తము, లేచి తిరిగిన పిదప యిచ్చిన రక్తము ఒకటి కావు. కావుననే లేచిన రెండు గంటలకు, కొద్దిసేపు కూర్చుండబెట్టి రక్తము తీయుదురు.

2025లో అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీ రక్తపు పోటు గలవారందరికి ఈ పరీక్ష సూచించినది. సూచన మంచిదే. అయితే నివేదికలో అంకె ప్రక్కన సాధారణ పరిమితి మాత్రమే అచ్చువేసిన చాలదు. రక్తము తీసిన వేళ, రోగి వాడు మందులు, పొటాసియము, కొలిచిన పద్ధతి కూడ వ్రాయవలెను. ఏలయన ఒకే రక్తమునకు ఇమ్యునో పద్ధతి చూపు ఆల్డోస్టిరోన్ అంకె, మాస్ స్పెక్ట్రోమీటరు చూపు దానికంటె సాధారణముగా హెచ్చు.