నాగలూటి దారిలో తోడునడక

శ్రీశైలానికి ఎన్ని దారులున్నా, నంద్యాల జిల్లా ఆత్మకూరు దాటి వెంకటాపురం వద్ద నల్లమలలో ప్రవేశించి, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం చేరే కాలిబాటకు సాటి వచ్చేది లేదు. పొడవు సుమారు 40 కిలోమీటర్లే అయినా, ఎండుగడ్డి బయళ్లు, రాతి మెట్లు, లోతైన లోయ, నిట్టనిలువు ఎక్కుడు ఒకదాని వెంట ఒకటి ఎదురై, నడకను విద్యగా నేర్చినవారినీ ఊరికే కాళ్లీడ్చేవారినీ ఇట్టే వేరుచేస్తాయి. ఇక్కడి మెట్లు రెడ్డిరాజ్య స్థాపకుడు ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దిలో కట్టించినవని చెబుతారు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణమే రాశాడు గనుక యాత్ర ప్రాచీనతకు వేరే సాక్ష్యం అక్కరలేదు.

ఈ విద్యకు ప్రాణం తోడునడక, అంటే ఇద్దరు స్నేహితులు ఒకే అడుగు కొలతకు అలవాటుపడటం. ఏడడుగులు కలిసి నడిస్తే కుదిరేదన్న అర్థంలో స్నేహానికి సాప్తపదీనమనే పేరే ఉంది. వడిగలవాడు ముందుంటే వెనుకవాడు రొప్పుతూ పరుగెత్తవలసి వస్తుంది కనుక, మెల్లగా నడిచేవాడిని ముందుంచి, అతని ఊపిరిని బట్టి రెండోవాడు అడుగు తగ్గించుకోవాలి. ఎక్కుడులో మాట పెగలకపోతే వేగం మితిమీరిందని గుర్తు. భీముని కొలను వైపు దిగుడులో మోకాళ్లు కొద్దిగా వంచి, పొట్టి అడుగులతో, పాదం ఏటవాలుగా మోపి దిగకపోతే, ఆవలి మెట్లెక్కే వేళకు తొడలు వణుకుతాయి. ముల్లె, అంటే బట్టలూ సద్దీ కట్టిన మూట, వీపునంటి ఎత్తుగా ఉండాలి. తెల్లవారుజామునే బయలుదేరి ఎండ ముదిరేలోగా నీటి పట్టు చేరుకోవడం అసలైన నేర్పు.

ఆ నేర్పులో ఉత్తర కర్ణాటక భక్తులను మించినవారు లేరని ఒప్పుకోవడానికి తెలుగువారు మొహమాటపడనక్కరలేదు. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా భావించి ఉగాదికి ముందు వందల కిలోమీటర్లు నడిచివచ్చే వారిలో కొందరు, కాళ్లకు పొడవాటి కర్రలు కట్టుకొని, ఆ కర్రకాళ్ల మీదే వస్తారు. ఉత్త పాదం నిలవడమే కష్టమైన దారిలో అది ఎంతటి ఘనత! 1830లో కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య కూడా ఈ దారినే శ్రీశైలం చేరాడు. ఆయన లేఖలను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లై 1838లో కాశీయాత్ర చరిత్రగా వెలువరించాడు. పుస్తకం గొప్పదే గానీ, నడిచిన కాళ్లు మాత్రం ఆయనను మోసిన బోయీలవి.

అడవి దారిన కాక రోడ్డు మీదుగా నడిచి వచ్చేవారూ ఉన్నారు; హైదరాబాద్ దగ్గరి భానూర్ వంటి పారిశ్రామిక వాడల నుంచి శ్రీశైలం 200 కిలోమీటర్ల పైమాట. కంటైనర్ లారీల పక్కన గజం చోటు దొరకని రోడ్డు మీద ఒకరి కోసం ఒకరు ఆగుతూ అంతదూరం నడిచే జంటను నెత్తిన పెట్టుకోవలసిందే. వెనుక డీసీఎం వ్యాను, దానికో బ్యానరు, ఘాట్ రాగానే వ్యానెక్కి గుడి మలుపులో దిగి ఫొటోలు తీయించుకోవడం: దీనికీ పాదయాత్ర అనే పేరు పెట్టడం నడిచిన ప్రతి పాదానికీ అవమానం. పులులు తిరిగే అడవిలో సౌండ్ బాక్సులు మోగించి, మెట్ల సందుల్లో నీళ్ల ప్యాకెట్లు కుక్కేవారికి సొరబుర్రతో నీళ్లు మోసిన చెంచుల ముందు నిలబడే అర్హత ఉందా? పండుగ రోజులలో ఈ దారిని తెరిచే అటవీశాఖవారు వెంకటాపురం వద్దే ఆ పెట్టెలనూ ప్యాకెట్లనూ దించివేయించి, మనిషినీ అతని తోడునీ ముల్లెతో మాత్రమే లోపలికి పంపాలి.