అడగని అధికారం: భారతంలో నహుషుని పతనక్రమం

ఉపోద్ఘాతం

అద్భుత కథాసాహిత్యంలో మహావీరుల పతనం సాధారణంగా రెండు విధాలుగా జరుగుతుంది. శత్రువు చేతిలో ఓడిపోవడం ఒకటి, తనకు లభించిన శక్తికే లొంగిపోవడం రెండవది. రెండవ రకానికి మహాభారతంలోని నహుషోపాఖ్యానం ప్రబలమైన ఉదాహరణ. ఆయువు కుమారుడు, యయాతి తండ్రి, పాండవులకు పూర్వపురుషుడు అయిన నహుషుడు ఇంద్రపదవిని అధిష్ఠించి, ఋషులచేత పల్లకి మోయించి, అగస్త్యుని కాలితో తాకి సర్పమైనాడు. ఈ కథను మదాంధత్వానికి దృష్టాంతంగా చెప్పడం పరిపాటి. అది తప్పు కాదు గాని చాలదు. ఆ మదం ఎలా పుట్టిందో, దానిలో ఎవరెవరికి భాగముందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

దుర్బలుడికి దత్తమైన బలం

వృత్రవధానంతరం బ్రహ్మహత్యా భయంతో ఇంద్రుడు నీటిలో దాగినాడు. అరాజకానికి భయపడిన దేవతలూ ఋషులూ నహుషుని రాజుగా ఉండమని కోరినారు. ఉద్యోగపర్వ కథనం ప్రకారం అతని మొదటి సమాధానం నిరాకరణ: తాను దుర్బలుడు, వారిని పాలించే శక్తి తనకు లేదు. అప్పుడు వారే అతనికి ఒక వరమిచ్చినారు. దేవదానవులు గాని, ఋషులు గాని, మరే భూతం గాని అతని కంటబడితే చాలు, వారి తేజస్సు అతనికి సంక్రమిస్తుంది.

కథకు కీలకం ఈ వరమే. ఇది కేవలం బలాన్ని ఇచ్చేది కాదు. ఎదుటివారి బలాన్ని హరించి తనదిగా చేసుకొనే బలం. అతనిని వారించగలవాడు అతని ముందుకు రావాలి. ముందుకు వస్తే తేజస్సును కోల్పోతాడు. అంటే పదవిని ఇచ్చినవారే దానిపై ఉండవలసిన నియంత్రణను కూడా తొలగించినారు. నహుషుని స్వభావంలోని లోపాన్ని వెతికే ముందు ఈ ఏర్పాటులోని లోపాన్ని గుర్తించాలి.

దోషానికి తర్కం

ధర్మాత్ముడుగా పేరుపొందిన నహుషుడు స్వర్గభోగాల నడుమ కామాత్ముడైనాడు. శచీదేవిని కోరినాడు. దేవతలు అది అధర్మమని చెప్పబోగా అతడు ఎదురు ప్రశ్న వేసినాడు: ఇంద్రుడు అహల్యను చెరచినప్పుడు మీరెందుకు వారించలేదు? ఈ ప్రశ్నకు దేవతలు సమాధానం చెప్పలేదు; శచిని తెచ్చి ఇస్తామని ఒప్పుకొన్నారు. శరణుజొచ్చినదానిని విడువనని నిలబడినవాడు బృహస్పతి ఒక్కడే.

అధికారం మనిషిని చెరిచే తీరు ఇక్కడ సూక్ష్మంగా వ్యక్తమవుతుంది. నహుషుడు ధర్మాన్ని ధిక్కరించడం లేదు. పూర్వాధికారి చేసిన తప్పును తన హక్కుగా మార్చుకొంటున్నాడు. అతని ప్రశ్నలో సత్యముంది. దానితో అతడు కోరిన ఫలం మాత్రం అధర్మం. నాడు ఇంద్రుని దోషం పట్ల వహించిన మౌనం నేడు నహుషుని చేతిలో ఆయుధమైంది.

చివరకు ఇంద్రుని ఉపాయం ప్రకారం శచి అతనిని ఋషివాహనంపై రమ్మన్నది. నహుషుడు పొంగిపోయినాడు. మునులను వాహనంగా చేసుకొన్నవాడు అల్పవీర్యుడు కాడని ప్రకటించినాడు. 'నేను దుర్బలుణ్ణి' అన్న మాట నుండి ఈ మాట దాకా గల దూరమే అతని పతనక్రమం.

చూపు దాటిన చోటు

అగస్త్యుని శిరస్సును కాలితో తాకి నహుషుడు తేజస్సును కోల్పోయినాడని, పదివేల ఏళ్ళు సర్పరూపంలో తిరగవలసి వచ్చిందని ఉద్యోగపర్వ కథ. ఆనుశాసనికపర్వంలో భీష్ముడు చెప్పిన కథలో మరొక విశేషముంది. అగస్త్యుని జటలలో భృగువు దాగి ఉంటాడు. నహుషుని కంటబడడు కనుక శపించగలుగుతాడు. అపరిమితాధికారాన్ని నిగ్రహించగల శక్తి, ఆ అధికారం చూపు సోకని చోట మాత్రమే మిగిలి ఉంటుందన్నది దీని ధ్వని.

అరణ్యపర్వంలోని అజగరం భీముని చుట్టివేసినప్పుడు అంతటి బలశాలి శక్తిహీనుడవుతాడు. తన పట్టు చిక్కిన ప్రాణి ఎంత బలమైనదైనా సత్త్వం కోల్పోతుందన్నది సర్పానికి ఉన్న వరం. పదవి పోయినా పూర్వశక్తి వికృతరూపంలో మిగిలింది. నాడు చూపుతో హరించినవాడు నేడు చుట్టతో హరిస్తున్నాడు. అంతటి జ్ఞానివి మోహంలో ఎలా పడినావని ధర్మరాజు అడిగితే, ప్రాజ్ఞుడైన శూరుణ్ణి సైతం ఐశ్వర్యం మోహపెడుతుందని నహుషుడు తన అనుభవాన్నే ప్రమాణంగా చెబుతాడు.

మూడు సందర్భాలు, ఒక శ్రోత

తెలుగు భారతంలో అజగరవృత్తాంతం నన్నయ రచించిన భాగంలోనిది. ఉద్యోగ, ఆనుశాసనిక పర్వాలు తిక్కనవి. ఈ మూడు సందర్భాలలోనూ శ్రోత ధర్మరాజే కావడం గమనార్హం. రాజ్యం పోయి అడవిలో ఉన్నప్పుడు ఒకసారి, రాజ్యానికై యుద్ధం చేయబోయే ముందు ఒకసారి, రాజ్యం చేతికి వచ్చిన తరువాత ఒకసారి అతడు ఈ కథ విన్నాడు.

ఉద్యోగపర్వంలో చెప్పేవాడు శల్యుడు. అతడు నహుషుని కర్ణదుర్యోధనులతో పోల్చి ధర్మరాజును ఓదారుస్తాడు. పాండవుల కోసం బయలుదేరి దుర్యోధనుని సత్కారాలకు లోబడి పక్షం మారినవాడు ఐశ్వర్యమోహ కథ చెప్పడంలోని వైపరీత్యం అలా ఉండగా, అతని అన్వయం కూడా అసమగ్రమే. నహుషుడు శత్రువులకు మాత్రమే పోలిక కాడు. శ్రోతకు కూడా వంశమూలపురుషుడు.

ఉపసంహారం

యుద్ధానంతరం ధర్మరాజు రాజ్యం వద్దంటాడు. ఆ వైరాగ్యమే అతని అర్హత అని మనం మెచ్చుకొంటాం. కాని నహుషుడు కూడా మొదట వద్దన్నవాడే. కనుక అధికారంపై అనిచ్ఛ అధికారదోషం నుండి రక్ష కాజాలదు. భీష్ముని కథలో నహుషుడు తొలుత దీపబలిదానాది నిత్యవిధులను నియమంగా జరిపి, క్రమంగా విడిచిపెట్టినాడు. పతనం అక్కడే మొదలైంది. పల్లకి దాని పరిణామం మాత్రమే. పాలకుని మంచితనాన్ని నమ్మి నియంత్రణను తొలగించినవారు అతనికి మేలు చేయలేదని, తామే పల్లకి మోయవలసివచ్చిందని ఈ ఉపాఖ్యానం నిరూపిస్తున్నది.