ఊపిరి బిగబట్టని ఈత

గాలి సిలిండరును వీపున కట్టుకొని సముద్రం లోపల ఊపిరి పీలుస్తూ సంచరించే స్కూబా డైవింగును పర్యాటక ప్రకటనలు సాహసంగా చిత్రిస్తాయి కానీ, ఆ విద్యను దగ్గరగా పరిశీలించినవారికి అందులో సాహసం కంటే సంయమనమే ఎక్కువగా కనిపిస్తుంది. అందులోని ప్రతి నియమమూ మనిషిని నిదానంగా ఊపిరి తీయమని, నిదానంగా దిగమని, అంతకంటే నిదానంగా పైకి రమ్మని కోరుతుంది. సంక్రాంతికో ఉగాదికో ఆదివారం కలిసివచ్చి మూడు నాలుగు రోజుల సెలవు దొరికినప్పుడు దాచేపల్లి, పిడుగురాళ్ల, గురజాల వంటి పల్నాటి ఊళ్ల నుంచి విశాఖపట్నం వెళ్లి ఈ విద్యను రుచి చూడాలనుకొనేవారికి ఈ సంగతి బయలుదేరే ముందే తెలిసి ఉండడం అవసరం. వ్యవధి తక్కువైన ప్రయాణంలో తొందర సహజం. తొందరను క్షమించని విద్య ఇది. కాబట్టి ఈ రెండింటికీ పొత్తు కుదరాలంటే ప్రయాణమే విద్యకు లోబడాలి తప్ప విద్య ప్రయాణానికి లోబడకూడదు.

దాచేపల్లికి బాపట్ల వద్ద సూర్యలంక తీరం విశాఖ కంటే దగ్గరే అయినా, ఒండ్రు, ఇసుక పరచుకున్న ఆ అడుగున డైవింగుకు కావలసిన తేటదనం గానీ, జీవులు అంటిపెట్టుకొని పెరిగే రాతి ఆధారం గానీ లేవు. విశాఖ తీరం స్వభావం వేరు. తూర్పు కనుమల కొండలు అక్కడ సముద్రపు ఒడ్డు దాకా వచ్చి, యారాడ, కైలాసగిరి, రుషికొండల రూపంలో నిలిచి, నీటి లోపల కూడా రాతి గుట్టలుగా కొనసాగుతాయి గనుక, ఆ రాళ్ల మీద నాచు, స్పంజికలు, పగడపు జాతి జీవులు, వాటి చాటున చేపలు బతుకుతాయి. పైగా విశాఖ తూర్పు నౌకాదళ కేంద్రం కావడం వల్ల నీటి అడుగున పనిచేసే విద్య ఆ ఊరికి కొత్త కాదు. 1971 డిసెంబరులో రేవు ఎదుట మునిగిన పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ శిథిలాల వద్దకు దిగి ఆనవాళ్లను పైకి తెచ్చినవారు నౌకాదళ డైవర్లే. రుషికొండలో నేడు పర్యాటకులకు డైవింగు నేర్పుతున్నవారిలో కూడా నౌకాదళంలో పనిచేసి వచ్చినవారు ఉన్నారు. దాచేపల్లి మండలంలోనే ఉన్న నడికుడి జంక్షన్ నుంచి గుంటూరు మీదుగా విశాఖ వెళ్లే విశాఖ ఎక్స్‌ప్రెస్, జన్మభూమి ఎక్స్‌ప్రెస్ ఈ ప్రయాణాన్ని సులువు చేస్తాయి.

ఏ సెలవును ఎంచుకోవాలన్నది రైలు సౌకర్యం కంటే పెద్ద ప్రశ్న. వానకాలంలోను, ఆ తరువాత కొన్ని నెలలపాటు నదులు తెచ్చిన బురదనీరు బంగాళాఖాతపు తీరాన్ని కమ్ముకొని ఉంటుంది. ఏడాది చివరి నెలల్లో తీరం వెంట సాగే సముద్ర ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి వస్తూ, గంగా ముఖద్వారం వైపు కలిసిన నదీజలాలను కూడా ఇటు మోసుకొస్తుంది. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్ వంటి తుపాన్ల కాలం కూడా అదే. ఫిబ్రవరి నాటికి ఆ ప్రవాహం దిశ మార్చుకొని దక్షిణం నుంచి ఉత్తరానికి సాగడంతో నీరు క్రమంగా తేరుకుంటుంది. మిరప కోతలు ఒక కొలిక్కి వచ్చి, కల్లాల నుంచి సరుకు గుంటూరు యార్డుకు చేరి, పల్నాటి ఇళ్లకు కాస్త తెరిపి దొరికే రోజులు కూడా ఇంచుమించు అవే కావడం వల్ల, ఈ ప్రాంతం వారికి సంక్రాంతి కంటే ఉగాది సెలవే డైవింగుకు తగినది.

ఈ విద్యకు ఆధారమైన పరికరం రెండవ ప్రపంచయుద్ధ కాలపు కొరత నుంచి పుట్టింది. పెట్రోలు దొరకని ఆ రోజుల్లో మోటారు బండ్లను వాయువులతో నడపడానికి ఫ్రెంచి ఇంజనీరు ఎమిల్ గాన్యాన్ ఒక కవాటాన్ని రూపొందించగా, నౌకాదళ అధికారి జాక్ కూస్తో దానిని నీటి అడుగున ఊపిరికి పనికివచ్చేలా మార్చాలని కోరాడు. 1943లో వారిద్దరి కృషి ఫలించి ఆక్వాలంగ్ అనే పరికరం తయారైంది. దానిలోని రెగ్యులేటర్, అంటే సిలిండరులో అతి ఒత్తిడితో కుక్కిన గాలిని నోటికి అందించే సాధనం, మనిషి పీల్చినప్పుడు మాత్రమే గాలిని వదులుతుంది; అదీ చుట్టూ ఉన్న నీటి పీడనానికి సరిసమానమైన పీడనంతో వదులుతుంది. సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం అదనంగా చేరుతుంది గనుక, 10 మీటర్ల వద్ద పీల్చే గాలి ఒడ్డున పీల్చే గాలి కంటే రెండింతలు, 30 మీటర్ల వద్ద నాలుగింతలు చిక్కగా ఉంటుంది. సాధారణంగా వాడే సిలిండరులో సుమారు 2,200 లీటర్ల గాలి పడుతుంది; అది 10 మీటర్ల వద్ద నింపాదిగా ఊపిరి తీసేవారికి దాదాపు గంటసేపు సరిపోతే, కంగారుపడి ఎగశ్వాస తీసేవారికి అందులో సగం సేపు కూడా నిలవదు. నెమ్మది ఈ విద్యలో మొదట ఇలా కొలతకు దొరుకుతుంది.

పల్నాటిలో పుట్టి పెరిగినవారికి ఈత నేర్పేది చాలావరకు వ్యవసాయ బావులు, కాలువలే. నడుముకు బెండు కట్టుకొని మొదలుపెట్టి, కొన్నాళ్లకు గట్టు మీది నుంచి దూకి, ఊపిరి బిగబట్టి అడుగు దాకా పోయి, గుప్పెడు మట్టి పైకి తెచ్చి చూపడం ఆ చదువులో పై తరగతి. ఎంతసేపు ఊపిరి బిగబడితే అంత మొనగాడనే ఆ అలవాటునే స్కూబా డైవింగు మొట్టమొదట మాన్పిస్తుంది; దానికి కారణం స్పష్టంగా తెలుసుకోదగినది. బావిలో మునిగేవాడి ఛాతీలో ఉన్నది గట్టు మీద పీల్చిన గాలి. అది లోతుకు పోయిన కొద్దీ నొక్కుకుపోయి, పైకి వచ్చేసరికి మళ్లీ తన మొదటి పరిమాణానికి చేరుతుంది, అంతకు మించదు. స్కూబా డైవరు ఛాతీలో ఉన్నది లోతులో పీల్చిన చిక్కని గాలి. 10 మీటర్ల వద్ద నిండుగా పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి వస్తే అది రెండింతలు కావడానికి ప్రయత్నిస్తుంది. తట్టుకోలేని ఊపిరితిత్తుల పొరలు చిట్లి, గాలి బుడగలు నెత్తురులో కలిసి మెదడుకు చేరితే ప్రాణాపాయం కలుగుతుంది. రెండు మీటర్ల లోపు లోతు నుంచి కూడా ఇటువంటి ప్రమాదం జరగవచ్చు. అందుకే నీటి అడుగున ఎన్నడూ ఊపిరి బిగబట్టరాదన్నది ఈ విద్యలో తొలి నియమం. ప్రాణాయామ పరిభాషలో చెప్పాలంటే ఇందులో పూరకం, రేచకం ఉంటాయే గాని కుంభకానికి చోటు లేదు. బాగా ఈదగలవారే ఈ నియమాన్ని ఎక్కువ శ్రద్ధతో సాధన చేయవలసి రావడం గమనించదగిన విషయం. భయం కలిగినప్పుడు శరీరం ఆశ్రయించేది చిన్ననాటి అలవాటునే.

నెమ్మది అవసరం చెవులకు కూడా ఉంది. దిగే కొద్దీ బయటి పీడనం కర్ణభేరిని లోపలికి నొక్కుతుంది. ముక్కు మూసుకొని మెల్లగా గాలి ఊది, ముక్కు వెనుక భాగాన్ని మధ్యచెవితో కలిపే సన్నని గొట్టం తెరుచుకునేలా చేస్తే ఆ నొక్కుడు తగ్గుతుంది. ఈ పని నొప్పి మొదలు కాకముందే, మీటరుకు ఒకసారి చొప్పున చేస్తూ దిగాలి. జలుబు చేసినవారికి ఆ గొట్టం మూసుకుపోయి ఉంటుంది గనుక వారు ఆ రోజు దిగకూడదు, డబ్బు కట్టామన్న కారణంతో అసలే దిగకూడదు. లోపలికి చేరాక ఇంద్రియాలన్నీ కొత్త పాఠం నేర్చుకోవలసి ఉంటుంది. నీటిలో వస్తువులు అసలు పరిమాణం కంటే దాదాపు మూడోవంతు పెద్దవిగా, దగ్గరగా కనిపిస్తాయి. ధ్వని గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగంతో రావడం వల్ల ఏ దిక్కు నుంచి వస్తున్నదో చెవి పసిగట్టలేదు. కాంతిలోని ఎరుపును నీరు ముందుగా హరిస్తుంది గనుక గుంటూరు మిరపపండును 10 మీటర్ల లోతుకు తీసుకుపోతే అది ఎర్రగా కాక నల్లబడిన గోధుమ రంగులో కనిపిస్తుంది. మాటకు వీలులేని ఆ చోట సంభాషణ అంతా చేతి సైగలతోనే సాగుతుంది. ఒడ్డున మెచ్చుకోలుగా ఎత్తే బొటనవేలికి అక్కడ పైకి పోదామన్నదే అర్థం కావడం వల్ల, అలవాటు కొద్దీ వేలు ఎత్తినవాడిని జతగాడు పైకి తీసుకుపోతాడు.

పైకి రావడంలో పాటించవలసిన నిదానానికి కారణం నత్రజని. గాలిలో ఐదింట నాలుగు పాళ్లు ఉండే ఈ వాయువు లోతులోని పీడనం వల్ల నెత్తురులోను, కండరాలలోను, కొవ్వులోను ఎక్కువగా కరిగి చేరుతుంది. పీడనం ఒక్కసారిగా తగ్గితే బుడగలుగా మారి కీళ్లనొప్పులు మొదలు పక్షవాతం దాకా తెచ్చే జబ్బుకు కారణమవుతుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ బెర్ 1878లో ఈ జబ్బుకు నత్రజనే మూలమని నిరూపించగా, బ్రిటిష్ శాస్త్రవేత్త జె.ఎస్. హాల్డేన్ 1908లో అంచెలంచెలుగా పైకి రావలసిన పద్ధతిని పట్టికలుగా కూర్చాడు. కల్లంలో ఆరబోసిన మిరపకాయలోని తేమ రోజుల తరబడి ఎండకు, గాలికి నిదానంగా పోతేనే సరుకు నిలుస్తుంది, తేమ ఉండగానే టిక్కీలకు, అంటే గోతాలకు, ఎత్తితే బూజు పడుతుంది. శరీరంలో చేరిన నత్రజని విషయంలో కూడా వేచి ఉండడం తప్ప దగ్గరిదారి లేదు. నిమిషానికి 9 మీటర్లకు మించని వేగంతో పైకి రావడం, 5 మీటర్ల లోతున మూడు నిమిషాలు ఆగడం నేడు ఎక్కువగా పాటించే పద్ధతి.

నీటి నుంచి బయటికి వచ్చినంత మాత్రాన ఈ నిరీక్షణ ముగియదన్న సంగతే సెలవు ప్రయాణికులు ఎక్కువగా మరచిపోయేది. విమానంలో గాలి పీడనం నేల మీది కంటే తక్కువ గనుక ఒక్క డైవు చేసినవారు కనీసం 12 గంటలు, పలుమార్లు లేదా వరుసగా పలు రోజులు చేసినవారు కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదని నిపుణుల సూచన. అండమాన్‌కో లక్షద్వీప్‌కో వెళ్లేవారు ఆఖరి రోజును నీటికి దూరంగా గడపక తప్పదు. విశాఖకు రైలులో వచ్చి పోయే పల్నాటి వారికి విమానం బెడద లేకపోయినా అరకు బెడద ఉంది. సముద్రమట్టానికి 300 మీటర్లు మించిన ఎత్తును శిక్షణ సంస్థలు జాగ్రత్త అవసరమైన ఎత్తుగా లెక్కిస్తుండగా, అరకు లోయ దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. పొద్దున రుషికొండలో డైవు చేసి, మధ్యాహ్నం అనంతగిరి ఘాట్ రోడ్డు ఎక్కే ప్రణాళిక ఎంత ఆకర్షణీయంగా ఉన్నా తప్పే. మొదట అరకు, తరువాత సముద్రం అన్న క్రమం పాటిస్తే ఈ చిక్కు దానంతట అదే తొలగిపోతుంది.

ఎవరు దిగవచ్చునన్న ప్రశ్నకు కూడా స్థానికమైన ప్రాముఖ్యం ఉంది. మిరప ఘాటులో, పత్తి జిన్నింగు మిల్లుల దుమ్ములో ఏళ్ల తరబడి పనిచేసి ఆయాసం, పిల్లికూతలు ఉన్నవారి ఊపిరితిత్తుల్లో గాలి అక్కడక్కడ చిక్కుకుపోయే అవకాశం ఉన్నందువల్ల, వారు వైద్యుని అనుమతి లేకుండా దిగరాదు. గుండెజబ్బు, మూర్ఛ, చెవి శస్త్రచికిత్స చరిత్ర ఉన్నవారికీ ఇదే వర్తిస్తుంది. దిగేముందు ఇచ్చే ఆరోగ్య ప్రశ్నపత్రాన్ని సంతకం కోసం ఇచ్చిన కాగితంగా కాక, తమ ప్రాణరక్షణకు ఇచ్చిన కాగితంగా చదవాలి. శిక్షకుడు వెంట ఉండి తిప్పే పరిచయ డైవు 12 మీటర్లు మించదు. 1966లో అమెరికాలో ఏర్పడిన పాడి వంటి సంస్థల పద్ధతిలో, 18 మీటర్ల వరకు దిగే అర్హతనిచ్చే తొలి కోర్సుకు మూడు నాలుగు రోజులు కావాలి. రెండు రోజుల్లో ముగిస్తామనే వారి కంటే, సముద్రం బాగులేదని డైవును రద్దు చేసే శిక్షకుడే నమ్మదగినవాడు.

సముద్రంలోని జీవుల పట్ల చూపవలసిన మర్యాద కూడా ఈ నెమ్మదిలో భాగమే. పల్నాటి ఇళ్లలో పరిచే నాపరాయి ఎన్నో కోట్ల ఏళ్ల కిందట ఈ నేలను కప్పిన లోతులేని సముద్రపు అడుగున పొరలు పొరలుగా పేరుకున్నది. పిడుగురాళ్ల బట్టీల్లో కాల్చే సున్నపురాయిలోని కాల్షియం కార్బొనేటే నేటి పగడం తన గూడు కట్టుకొనే పదార్థం. దిమ్మలుగా పెరిగే పగడాలు చాలావరకు ఏడాదికి ఒకటి రెండు సెంటీమీటర్లకు మించి పెరగవు. తేలియాడే నేర్పు కుదరని డైవరు కాలి తెడ్డు ఒక్కసారి తగిలితే ఏళ్ల పెరుగుదల విరిగిపడుతుంది. అలాగే ఆ నీటి మీద మొదటి హక్కు జాలరి, వాడబలిజ కుటుంబాలదని, వారి వలలకు, పడవల దారికి అడ్డం పోకుండా దిగడం అతిథి ధర్మమని గుర్తించాలి.

ఈ విద్య నుంచి దాచేపల్లి వంటి ఊరు స్వీకరించదగిన అంశం ఒకటుంది. డైవింగు కోర్సులో చేరేవారు 200 మీటర్లు ఈదగలగాలి, ఏ ఆధారమూ లేకుండా పది నిమిషాలు నీటి మీద తేలగలగాలి. ఇందులో వేగానికి మార్కులు లేవు, కంగారుపడకుండా ఉండడానికే ఉన్నాయి. కృష్ణలోను, నాగులేటిలోను, సాగర్ కుడి కాలువలోను, నాపరాయి తీసి వదిలేసిన నీటి గుంతల్లోను ఈతకు దిగే పిల్లలకు ముందుగా కావలసింది ఆ తేలే నేర్పే; మునిగిపోయేవారిని చాలాసార్లు ముంచేది అలసట, భయం, వాటి వల్ల అదుపు తప్పిన ఊపిరి. మూడు రోజుల సెలవులో విశాఖ వెళ్లి ఈ పాఠం నేర్చుకొన్న యువకులు ఊరికి తిరిగివచ్చి, ఎండాకాలం సెలవుల్లో పెద్దల పర్యవేక్షణలో పిల్లలకు పది నిమిషాలు తేలడం నేర్పగలిగితే, పాఠశాలలు, పంచాయతీలు అందుకు సురక్షితమైన చోటు చూపగలిగితే, ఆ ప్రయాణపు ఖర్చు ఊరందరికీ అక్కరకు వచ్చినట్లే.